పసుపు కాళ్ల ఫిర్యాదు

ఆర్మూర్,
శుక్రవారం

నిజామాబాద్‌లోని పెద్ద ఆసుపత్రి ఫిర్యాదుల విభాగం వారికి నమస్కరించి,

ఫిర్యాదు కాగితం మీద ఉంటేనే తీసుకుంటామని మీ కౌంటరులో చెప్పారు. సంతోషం. నాకు రాయడం ఇష్టం.

మా అమ్మ పద్మలత ఇక్కడి మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరుతుంది. చలికాలం నుంచి ఆమె కుడికాలు మాట వినడం లేదు. బస్టాండు నుంచి యార్డుకు పోయేలోపు పిక్క పట్టేస్తుంది. అప్పుడు ఎదురుగా ఏ దుకాణముంటే ఆ దుకాణం ముందు బేరమాడుతున్నట్టు నిలబడుతుంది. రాత్రి కాలు మంచం కిందికి వేలాడదీస్తేనే కునుకు. ఆ పాదం ముట్టుకుంటే తెల్లవారుజామున బావిగట్టంత చల్లన.

మీ డాక్టర్ సుకుమార్ గారు బల్ల అవతలి నుంచే చూసి మొదట కాల్షియం బిళ్లలు రాశారు. తర్వాత గ్యాసు బిళ్లలు. ఆ తర్వాత, "రోజూ నడువమ్మా" అన్నారు.

చలికి వణికే ఆ ప్రాణిని ఎవరైనా పట్టించుకోవాలని వేడుకుంటూ,
వర్షిత

తా.క.: నడవలేనని వచ్చినామెకు నడకే మందుగా రాయడం నేను ఇదే మొదటిసారి చూడటం.


నిజామాబాద్

శ్రీమతి వర్షిత గారికి,

తమ లేఖ అందినది. మా ఆసుపత్రిలో రోగులు చలికి వణుకుచున్న విషయము తీవ్రముగా పరిగణించబడినది. వేచియుండు గదిలో ఏసీ తగ్గించబడినది. తమ తల్లిగారిని ఇకపై కిటికీ పక్కన కూర్చుండబెట్టగలరు.

ఇట్లు,
ప్రభుదాస్, ఫిర్యాదుల విభాగం

తా.క.: ఏసీ తగ్గించినందుకు ఉక్కపోతగా ఉన్నదని ఇంకో ఫిర్యాదు వచ్చినది. అది మీది కాదని ఆశిస్తాను.


ఆర్మూర్,
బుధవారం

ప్రభుదాస్ గారికి నమస్కారాలు.

నేను శ్రీమతిని కాదు, డిగ్రీ మొదటి సంవత్సరం. చలి గదిది కాదు, అమ్మ కాలిది. ఇప్పుడు ఇంకా ముదిరింది. నిన్న పడుకునే ముందు చూశాను. బొటనవేలూ దాని పక్క వేలూ నేరేడు పండ్లయ్యాయి.

మొన్న డాక్టరు గారు మళ్లీ బల్ల అవతలి నుంచే చూసి, పాదం పచ్చగా ఉందని కామెర్ల పరీక్ష రాశారు. కామెర్లు లేవని తేలింది. చర్మం డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన సబ్బు మార్చమన్నారు.

మేము మురికిగా రాలేదు సార్. దవాఖానకు వచ్చే రోజు అమ్మ తలంటుకుని, వేళ్ల సందుల దాకా పసుపు దట్టంగా పట్టించుకుంటుంది. మా నాన్న దుబాయిలో ఉన్నారు. "ఆయన గాడ అంత ఎత్తున కమ్మీల మీద నిలబడి పని చేస్తుండు. నేను బోసికాళ్లతోటి గడప దాటుదునా బిడ్డా" అంటుంది. అంత మర్యాదగా వచ్చిన కాలిని ఒక్కసారి ముట్టుకోకూడదా?

మీ జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న,
వర్షిత

తా.క.: కాళ్లు మాత్రమే పచ్చబడే కామెర్లు ఎక్కడైనా ఉంటాయా అని అక్కడే అడగాల్సింది. డాక్టరు కదా అని ఊరుకున్నాను.


నిజామాబాద్

కుమారి వర్షిత గారికి,

డాక్టరు గారి వివరణ తీసుకొనబడినది. పాదము నిండా పసుపు రంగే తప్ప వేరు రంగు కనబడలేదని వారు తెలియజేసినారు. నేరేడు పండ్లు తినుట తక్షణము మానవలెనని సూచించినారు.

వచ్చే సోమవారం మరల చూచుటకు అంగీకరించినారు. పరిష్కరించిన ఫిర్యాదుల ఫొటోలు గోడకు పెట్టెదము గనుక తల్లిగారిని ముస్తాబుగా తీసుకురాగలరు.

ఇట్లు,
ప్రభుదాస్

తా.క.: అమ్మాయీ, ఉపమానాలు తగ్గించు. ఇక్కడ ఎవరూ రెండో వాక్యం దాటి చదవరు. నేను చివరిదాకా చదువుతున్నాను, అది వేరే సంగతి.


హైదరాబాద్,
ఆసుపత్రి వరండా

ప్రభుదాస్ గారికి,

ఉపమానాలు లేకుండా రాస్తున్నాను.

సోమవారం పొద్దున, ఫొటో అన్నారని అమ్మ ఎప్పటికంటే ఎక్కువ పసుపు కలిపింది. నల్లటి వేళ్ల మీద ఆమె చెయ్యి ఒక్కసారి తిరిగింది. వేళ్లు మాయమయ్యాయి. డాక్టరు గారికి ఏం కనిపిస్తోందో నాకు అప్పుడు అర్థమైంది. బకెట్ తెచ్చి కాళ్లు కడిగాను. అమ్మ నన్ను కొట్టింది. "మీ నాయినకు ఏమన్న అయిందనుకో, మళ్ల నీ మొఖం చూడ" అన్నది. బస్సులో నా పక్కన కూర్చోలేదు.

మీ డాక్టరు గారు వేళ్లు చూసి కుర్చీలోంచి లేచారు. అంబులెన్సు పిలిచారు.

ఇక్కడి డాక్టరమ్మ పాదం మీద రెండు వేళ్లు పెట్టి చూశారు. నాడి లేదన్నారు. తొడలో రక్తనాళం మూసుకుపోయింది. దాన్ని తెరవాలని చూశారు, ఆలస్యమైంది. నిన్న మోకాలి కింద తీసేశారు. చలికాలంలోనే వస్తే కాలు దక్కేదేమో అన్నారు. మేము చలికాలంలోనే వచ్చాం.

పసుపు నలుపును దాచింది. అది మా తప్పు, ఒప్పుకుంటాను. చల్లదనాన్ని దాచలేదు. నాడిని దాచలేదు. ముట్టుకుంటే తెలిసేది.

డాక్టరు గారి తలుపు మీద ఒక్క మాట రాయించండి: పాదం కడిగి, ముట్టుకొని చూడాలి.

వర్షిత

తా.క.: నాన్నకు ఏమీ కాలేదు. పొద్దున ఫోన్ చేశాడు. వేలు నొప్పి, తగ్గుతది, ఫికర్ చెయ్యకు అని అమ్మ చెప్పింది.


నిజామాబాద్

చిరంజీవి వర్షితకు,

తమ సూచన యాజమాన్యము వారిచే ఆమోదించబడినది. బోర్డు పెట్టబడినది. తలుపునకు కాదు, గేటునకు. "పాదములకు పసుపు రాసుకొని వచ్చువారికి ప్రవేశము లేదు." ముట్టుకొనుట అను మాట డాక్టర్లను నొప్పించునని తొలగించబడినది. ఇంతటితో తమ ఫిర్యాదు పరిష్కారమైనట్లు నమోదు చేయబడినది.

ఇట్లు,
ప్రభుదాస్, ఫిర్యాదుల విభాగం

తా.క.: పైన రాసింది ఆఫీసు. ఇది నేను. ఈ పొద్దున మోర్తాడ్ నుంచి వచ్చిన ఒకామెను వాచ్‌మన్ గేటు కాడనే ఆపి వెనక్కి మర్లగొట్టిండు. కుంటుకుంట పోతుంది. నేను నీళ్ల చెంబు పట్టుకొని ఉరికిన. ఆటోల కాడ అరుగు మీద కూచోబెట్టి, కాళ్లు కడుగుతనంటే, "నువ్వెవరయ్యా" అన్నది. "ఫిర్యాదుల విభాగం" అన్న. "నేనేం ఫిర్యాదు చెయ్యలేదు గద" అని కాలు గుంజుకున్నది. బతిమిలాడి కడిగిన. వేళ్లు మంచిగనే ఉన్నయి. పాదం మాత్రం సల్లగున్నది. దాని మీద చెయ్యి పెట్టి, సుకుమార్ సారును కిందికి రమ్మని వాచ్‌మన్‌తోటి కబురు పంపిన. రానన్నడట. మళ్ల పంపిన. ఆయన దిగొచ్చి, వంగి, తన చెయ్యి పెట్టేదాక నా చెయ్యి తియ్యలేదు.