అగ్గిబాట మేకలు, ఆగిపోయిన రెండో విడత

అటవీ రేంజ్ అధికారి గారి సముఖమునకు,
కొండవాలు అడవి పునరుద్ధరణ కమిటీ కార్యదర్శి వ్రాసుకొన్న అర్జీ.

విషయం: తమ కార్యాలయ ఆవరణలో నిర్బంధించబడిన మా మేకలను విడుదల చేయుట, వాటి పనిని కార్చిచ్చు నివారణగా గుర్తించి, నిలిపివేసిన రెండో విడత నిధులు మంజూరు చేయుట గురించి.

అయ్యా,

1. కాలిపోయిన మా కొండవాలులో మొక్కలు నాటుటకు ప్రభుత్వం వారు మొదటి విడత నిధులు ఇచ్చియున్నారు. నాటాము, బతికాయి. రెండో విడత అగ్గిబాట నిర్వహణకు. అడవి అంచున గడ్డి లేకుండా ఉంచే వెడల్పాటి దారినే మేము అగ్గిబాట అంటాము. నిప్పు అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ దొరక్క చల్లారిపోతుంది. పోయిన వేసవిలో అవతలి కొండ మండినప్పుడు మా మొక్కలు అలాగే దక్కాయి.

2. సదరు గడ్డిని తొలగించుటకు పథకంలో యంత్రం అని ఉన్నది. ఆ యంత్రం వాలు మీద నిలబడదు. ఇద్దరు పట్టుకుంటే నిలబడుతుంది గానీ, అప్పుడు ఆ ఇద్దరూ నిలబడలేరు. అందుచేత ఆ పని మా నానమ్మ మేకలు చేస్తున్నాయి.

3. మేకలు మొక్కలను తినవా అని తమరు అడగవచ్చును. తినవు. మేక పెంటికలు నానబెట్టిన నీళ్ళు ఆకుల మీద చల్లుతాము. ఆ వాసన తగిలిన ఆకును మేక ముట్టదు. ఈ పద్ధతి నానమ్మది.

4. మరి తనిఖీ రోజున తమరి కళ్ళెదుటే ఎందుకు తిన్నాయనగా, దానికి కారణం తమరి మీద మాకున్న గౌరవమే. ముందురోజు కమిటీ అధ్యక్షులైన మా బాబాయి మొక్కల మధ్య నిలబడి ముక్కు మూసుకుని నన్ను కేకలేశారు.

"అంత పెద్దాయన వస్తుంటే ఈ కంపేమిటే? మన పరువేం కాను? ఆకులన్నీ కడిగించు."

"కడిగితే తింటాయిరా," అంది నానమ్మ.

"ఒక్కరోజు ఆగలేవా అవి?"

"అవేమన్నా నీ కమిటీ మెంబర్లా, చెప్తే ఆగడానికి?"

అయినను ఊరంతా బిందెలతో నీళ్ళు మోసి, ఒక్కో ఆకూ తుడిచాము. మొక్కలు తళతళలాడాయి. తమరు "చాలా బాగున్నాయి" అంటూ ఉండగానే మేకలు కూడా అదే అభిప్రాయానికి వచ్చాయి.

5. తదుపరి మేకలు తమ కార్యాలయానికి తరలించబడినవి. నిధులు నిలిపివేయబడినవి. తినబడిన వరుస మళ్ళీ చిగురిస్తోంది. కానీ అగ్గిబాటలో గడ్డి మోకాలెత్తు పెరిగి, ఎండి, అడుగు వేస్తే చిటపటమంటోంది. వడగాలి మొదలైంది. కొడవళ్ళతో కోస్తున్నాము, చాలడం లేదు. అయ్యా, ఇక్కడ నాకు ఆఫీసు మాటలు అందడం లేదు. అప్పట్లో అడవి కాలిన రోజు నేను బడిలో ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి కొండ నల్లగా ఉంది, నానమ్మ దాన్నే చూస్తూ గడపలో కూర్చుని ఉంది. ఇంకోసారి అలా కూర్చోనివ్వలేను.

6. మేకల పనితనం మీద అనుమానముంటే తమరు కిటికీ తెరిచి చూడగలరు. తమ గుమాస్తా గారే నాతో అన్నారు: "ఎన్ని టెండర్లు పిలిచినా ఎవడూ కొయ్యని గడ్డి అమ్మాయ్, ఇప్పుడు గేటు నుంచి మెట్ల దాకా గుండు కొట్టినట్టుంది." గులాబీ మొక్కలు మాత్రం ఎందుకు మిగిలాయో తమరికి వాసనను బట్టి తెలిసే ఉంటుంది. నానమ్మ రోజూ వచ్చి చల్లి వెళ్తోంది.

కావున మేకలను విడిపించి, యంత్రం పద్దు కింది నిధులను మేకలు కాసేవారి కూలికి మార్చి ఇప్పించవలెనని ప్రార్థన. ఇకపై ఏ తనిఖీకైనా మొక్కలు కంపు కొడుతూనే ఉంటాయని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. బాబాయి కూడా సంతకం పెట్టారు.

ఇదంతా తమరు చిత్తగించవలెను. కుదిరితే కిటికీ దగ్గర నిలబడి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కమిటీ కార్యదర్శి

తా.క.: ఈ అర్జీ పట్టుకుని వచ్చేసరికి మా చుక్కల మేక తమరి వరండాలో ఈని ఉంది. తల్లీ పిల్లా క్షేమం. బంట్రోతు గారు కంగారులో తమరి తువ్వాలుతోనే పిల్లను తుడిచారు, ఆయన్ను ఏమీ అనవద్దు. నానమ్మ పక్కనే నిలబడి, "ఇది కూడా రాయవే," అంటోంది: "ఈ పిల్ల పాలు మానేసరికి దీన్ని అగ్గిబాటలో పనికి పెడతా. అప్పటిదాకా అడవి ఉండాలి కదా, ఆ బాధ్యత ఆయనదే."