తోడల్లుడి గ్రాంటూ, నా పద్నాలుగో గడీ

గ్రాంట్ల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చూపులేనివారికి చదివి వినిపించే మా గదికి ఆరోసారి గ్రాంటు నిరాకరించడం గురించి, మా తోడల్లుడి చక్రాల కుర్చీల మరమ్మతు షెడ్డుకు ఆరోసారి మంజూరు చేయడం గురించి, రెండు దరఖాస్తులనూ పక్కపక్కన పెట్టి చూడవలసిందిగా కోరడం గురించి.

ఆధారం: ఈ నెల నాలుగున తమ కార్యాలయం పంపిన తిరస్కరణ లేఖ. పునఃపరిశీలన కోరేందుకు ఇరవై ఐదు దాకా గడువుందని అందులోనే ఉన్నది.

తమకు మనవి చేసుకునేది: నేను ముప్పై ఒక్క ఏళ్లు పత్రికా విలేకరిగా పనిచేసి రిటైరయ్యాను. ఆరేళ్లుగా ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడమీది గదిలో రోజూ పొద్దున మూడు గంటలపాటు చూపులేనివారికి పత్రికలు, ఉత్తరాలు, ఆసుపత్రి కాగితాలు, కోర్టు నోటీసులు చదివి వినిపిస్తున్నాము. వినేవారు ముప్పై నలుగురు, చదివేవారు ఐదుగురు. ఇంతకాలం గదిని ఊరకే వాడుకోనిచ్చిన ప్రెస్సు యజమాని, కొత్త మిషను వస్తున్నదనీ నెలాఖరుకు ఖాళీ చేయాలనీ చెప్పాడు. గ్రాంటు రాకపోతే మాకు వేరే గది లేదు. కింద రాసినవి ఆరోపణలు కావు. చూసినవి, విన్నవి. తేదీలు నా నోట్‌బుక్కుల్లో ఉన్నాయి.

1. మా తోడల్లుడు, అనగా నా భార్య చెల్లెలి భర్త, పూర్వం బస్సు మెకానిక్కు. మూడు తప్పులు లేకుండా ఒక వాక్యం రాయలేడు. కూతురి శుభలేఖ కూడా నా దగ్గరే దిద్దించుకున్నాడు. అటువంటి వ్యక్తి ప్రతిపాదన ఆరుసార్లు నెగ్గినది. నా ఆరు ప్రతిపాదనల్లో ఒక్క అక్షర దోషం చూపించవలసిందిగా కోరుతున్నాను.

2. సదరు తోడల్లుడు దరఖాస్తుల ప్రకటన రాకముందే తమకు ఫోన్ చేస్తాడు. గ్రాంటు వచ్చాక చేస్తాడు, ఏ పనీ లేనప్పుడూ చేస్తాడు. పోయిన వేసవిలో మా ఇంట్లోనే కూర్చుని ఇలా అన్నాడు:

“అన్నయ్యా, సారు వాళ్లమ్మగారికి మోకాళ్ల ఆపరేషన్ అయ్యింది. నడిపించే స్టాండు ఎత్తు కుదరట్లేదంట. ఏ స్క్రూ తిప్పాలో ఫోన్లోనే చెప్పా.”

“అధికారితో మోకాళ్ల కబుర్లేంటయ్యా నీకు?” అన్నాను.

“మనిషన్నాక మోకాళ్లుండవా అన్నయ్యా?” అన్నాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్లలో ఏ అధికారి ఇచ్చిన టీ తాగలేదు. ఎవరి గురించి రాస్తామో వారి టీ ముట్టకూడదని మా మొదటి ఎడిటరు నియమం. రిటైరయ్యాక కూడా దాన్ని తప్పలేదు. ఆ నియమానికి ప్రతిఫలం ఆరు తిరస్కరణ లేఖలు.

3. సదరు తోడల్లుడు గడువుకు నెల ముందే చిత్తుప్రతి పట్టుకుని తమ కార్యాలయానికి వస్తాడు. మీవాళ్లు చెప్పింది రాసుకుని పోయి మార్చుకొస్తాడు. అచ్చుకు ముందు కాపీని బయటివారికి చూపడం మా వృత్తిలో తప్పు. నేను ప్రతిసారీ గడువు రోజు సాయంత్రం ఐదుకు పది నిమిషాల ముందు అందజేశాను. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

4. రెండేళ్ల కిందట తమరు కబురు లేకుండా మా గదికి వచ్చారు. దానిని తనిఖీగా భావించి, గ్రాంట్ల ఎంపిక పద్ధతిపై తమను ఇరవై రెండు ప్రశ్నలు అడిగాను. తమరు పదకొండింటికి జవాబిచ్చి వెళ్లిపోయారు. అప్పుడు మూల కుర్చీలో ఉన్న మా టెలిఫోనమ్మ, అనగా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి, చూపు పోయాక మా దగ్గరకొచ్చే పెద్దావిడ, అడిగింది:

“ఎవరండీ వచ్చింది? దొంగా?”

“గ్రాంట్ల అధికారి.”

“మరి స్టేషన్లో కూర్చోబెట్టి అడిగినట్టు అడిగారేంటి? కూర్చోబెట్టారని కూడా అనలేంలెండి. కుర్చీ జరిగిన చప్పుడు వినపళ్లేదు నాకు.”

తమరు నిలబడే ఉన్నారన్న సంగతి నా నోట్‌బుక్కులో లేదు.

5. తమ సంస్థ వార్షిక పత్రికలో మా తోడల్లుడి ఫొటో వేశారు. చేతిలో చక్రం పట్టుకుని నవ్వుతున్నాడు. నా భార్య దాన్ని కత్తిరించి మా ఫ్రిజ్ తలుపుకు అంటించినది. నేను రోజుకు తొమ్మిదిసార్లు చల్లటి నీళ్లకు లేస్తాను. తొమ్మిదిసార్లూ ఆయన నవ్వుతాడు. ఇప్పుడు కుండలో నీళ్లు తాగుతున్నాను. అయ్యా, కుళ్లు అనే మాట దరఖాస్తుల్లో వాడరని ఎరుగుదును. అరవై ఏడేళ్ల మనిషికి అది తగదనీ ఎరుగుదును. సరిపోయే మాట ఇంకోటి దొరకలేదు.

6. కాబట్టి పై సంగతులపై విచారణ జరిపి, అది ముగిసేవరకు సదరు తోడల్లుడి గ్రాంటును నిలిపివేయవలసిందిగా కోరుతున్నాను.

సవరణ

పై ఆరు అంశాలూ సోమవారం టైపు చేశాను. మంజూరైన దరఖాస్తులను ఎవరైనా అడిగి చూడవచ్చునన్నది తమ నిబంధన గనుక, ఆధారాల కోసం బుధవారం తమ కార్యాలయానికి వచ్చి, గుమాస్తా ఎదుట కూర్చుని మా తోడల్లుడి ఫైలు చదివాను. ఆరేళ్ల దరఖాస్తులూ ఒకేచోట ఉన్నాయి. చదివాక పై కాగితాన్ని చించి కొత్తది రాయవచ్చు. కానీ అచ్చయినదాన్ని దాచడం మా పద్ధతి కాదు. తప్పు ఏ సైజు అక్షరాల్లో పడితే సవరణ కూడా అదే సైజులో పడాలి. అందుకని అదే టైపులో, దాని కిందే రాస్తున్నాను.

తమ ఫారంలో తొమ్మిదో గడి: ‘గత సంవత్సరం ఏ పని విఫలమైంది?’ ఐదో ఏట మా తోడల్లుడు రాసినది: ‘పదకొండు కుర్చీలు తిరిగొచ్చాయి. ముందు చక్రాలు చిన్నవి ఏశాం. రాళ్ల దారిలో ఇరుక్కున్నాయి. ఒకావిడ పడి చెయ్యి బెణికింది. ఎల్లి చూసొచ్చాను. తప్పు నాదే.’ అదే ఏట అదే గడిలో నేను రాసినది: ‘ఏమీ లేదు.’ ఆ సంవత్సరం చదివేవారిలో ఇద్దరు మానేశారు. మూడు వారాలు గది తెరవలేదు. ఒక పెద్దాయన ఆసుపత్రి కాగితం మా తలుపు కింద పడి ఉండగానే ఆయన పరీక్ష తేదీ దాటిపోయింది. ఊళ్లో ప్రతి ఆఫీసు వైఫల్యాన్నీ అచ్చు వేయించిన నేను ఈ మూడూ రాయలేదు.

పద్నాలుగో గడి: ‘మీ పరిసరాల్లో ఇటువంటి సేవ చేస్తున్న ఇతరులెవరు?’ నేను ఆరేళ్లూ రాసినది: ‘లేరు.’ మా తోడల్లుడు ఆరేళ్లూ మా గది పేరు రాశాడు. నాలుగో ఏట రాసినది యథాతథంగా ఇస్తున్నాను:

‘మా కుర్చీలు వాడేవాళ్లలో తొమ్మిది మందికి చూపు కూడా లేదు. వాళ్లకి కాయితాలు చదివి పెట్టేది మా అన్నయ్య. ఆయన అడగడు. మీరే ఎల్లండి. ముందు చెపితే సిద్దమయిపోయి బిగుసుకుంటాడు, చెప్పకుండా ఎల్లండి.’

నాలుగో అంశంలో నేను తనిఖీ అన్నది ఇందువల్ల జరిగిన రాక. పై వాక్యాల్లోని తప్పులను నేను దిద్దలేదు.

ఇంటికి వెళ్లి నా భార్యను అడిగాను.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“చెప్పలేదేం?”

“చెబితే ఊరుకునేవాళ్లా? ఎవరన్నారు, ఎప్పుడన్నారు, సాక్ష్యమేది అని పదిరోజులు తినేసేవాళ్లు నన్ను. అయినా ఆయనే వద్దన్నాడు. అన్నయ్యకి తెలిస్తే రేపు గ్రాంటు వచ్చినా వెనక్కి పంపేస్తాడు వదినా అన్నాడు.”

అది నిజమే. పంపేసేవాణ్ణి.

కాబట్టి ఆరో అంశాన్ని ఉపసంహరించుకుంటున్నాను. మొదటి అయిదింటిలో సంగతులు సరైనవే. వాటిని నేను చదివిన తీరు తప్పు. కుళ్లు విషయంలో మాత్రం సవరణ లేదు. ఇంతకుముందు గ్రాంటు చూసి ఉండేది, ఇప్పుడు మనిషిని చూసి కూడా ఉన్నది.

ఇక నా మనవి. తొమ్మిదో గడిని, పద్నాలుగో గడిని మళ్లీ నింపి ఈ అర్జీకి జతపరిచాను. తొమ్మిదో గడిలో పై మూడు వైఫల్యాలు, తేదీలతో సహా. పద్నాలుగో గడిలో మా తోడల్లుడి షెడ్డు. ‘చక్రాల పని ఆయన బాగా చేస్తాడు’ అని రాశాను. ఆ ఒక్క వాక్యానికి నాకు ఒక పూట పట్టింది. వీటితో కలిపి మా దరఖాస్తును నెలాఖరులోగా మరొక్కసారి పరిశీలించవలసిందిగా ముప్పై నలుగురి తరఫున కోరుతున్నాను.

సవరణను అర్జీ నుంచి విడదీయకుండా, రెండూ కలిపి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చదివి వినిపించే గది నిర్వాహకుడు, విశ్రాంత విలేకరి

తా.క.: ఇది పోస్టులో వేయలేదు. గడువు ఇంకా పన్నెండు రోజులుండగా నేనే తెచ్చాను. దీనిని చిత్తుప్రతిగా భావించి ఎక్కడ మార్చాలో చెబితే రాసుకుంటాను. తమ గది బయట బెంచీ మీద ఉన్నాను. టెలిఫోనమ్మ కూడా వచ్చింది. ఈసారి కుర్చీ చప్పుడు తాను స్వయంగా వినాలట. టీ ఇప్పిస్తే తాగుతాను. తమ తల్లిగారి మోకాళ్లు ఇప్పుడెలా ఉన్నాయి? జవాబు నోట్‌బుక్కులో రాసుకోను.