బుంగకి బఠానీ

అత్తయ్యకి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. మేమిద్దరం, మీ బంగారు చేప బుంగ, ముగ్గురం క్షేమం. ఈ ముక్క మనస్ఫూర్తిగా రాయగలిగేదాకా ఆగాను, అందుకే ఆలస్యం. తుంటి ఆపరేషన్ అయిన మీ చెల్లెలు అప్పుడే కర్ర పట్టుకుని గుమ్మందాకా నడుస్తున్నారని చదివి ఎంత సంతోషించామో!

మీ ఉత్తరం నిండా బుంగ గురించే ప్రశ్నలు. కొడుకు గురించి అడిగింది ఒక్కటే, అదీ "వాడు దానికి మేత వేస్తున్నాడా?" అని. వేశారు అత్తయ్యా, వేయాల్సినదానికంటే ఎక్కువే వేశారు. "అమ్మ లేదని బెంగ పెట్టుకుంది" అంటూ ఎండు గుళికలు గుప్పెడు జల్లేవారు. అది నీళ్ల మీద గాలి మింగుతూ అన్నీ తినేసేది.

ఒకరోజు పొద్దున చూస్తే పొట్ట పైకి పెట్టి తేలుతోంది. మీ అబ్బాయి అది చచ్చిపోయిందనుకున్నారు. చిన్న వల పట్టుకొచ్చారు.

"ఆగండి, మొప్పలు ఆడుతున్నాయి" అని అరిచాను.

పాపం, తోక కొట్టుకుంటూ కిందికి దిగబోతుంది, బెండులా పైకొచ్చేస్తుంది. పశువుల డాక్టరుకి ఫోన్ చేశాం. చేప ఒంట్లో గాలితిత్తి ఉంటుందట, పొట్ట ఉబ్బి దాన్ని నొక్కేస్తే ఇలా తిరగబడుతుందట. "ముందు ఆ మేత ఆపండి. నీళ్లు శుభ్రంగా, కాస్త వెచ్చగా ఉంచండి. మట్టం తగ్గించండి. తర్వాత ఉడికించిన బఠానీ పెట్టి చూడండి. అయినా మాటివ్వలేను" అన్నారాయన.

తొట్టిని నా మంచం పక్కకి జరిపించాను. దాన్ని పస్తు పెట్టి చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో! నన్ను చూడగానే నోరు తెరిచేది. ఆ తర్వాత మీ అబ్బాయి, బస్సు ఇంజన్లు విప్పే ఆ మొద్దు వేళ్లతో, బఠానీ పొర ఒలిచి, చితిపి, నలుసంత దాని నోటి దగ్గర పెట్టారు. ఉమ్మేసింది. "తినవే తల్లీ" అని బతిమాలారు. ఎప్పుడైనా నన్నలా బతిమాలారా? చివరికి మింగింది.

మర్నాడు మీ అబ్బాయి కేకకి ఉలిక్కిపడి లేచాను. తొట్టి దగ్గర "అయింది! దీనికి అయింది!" అని గంతులు. దారంలా ఇంత పొడుగు, మర్యాదగా రాయలేను. వెల్లకిలా తేలేది సాయంత్రానికి పక్కకి తిరిగింది, మరో రెండ్రోజులకి తిన్నగా ఈదుతూ అడుగున గులకరాళ్లు కెలుకుతోంది. ఇప్పుడు గుళికలు నానబెట్టి, కొలిచి నేనే వేస్తున్నాను.

కుట్టుమిషను దుకాణానికి వెళ్లకుండా ఈ పిల్ల పగలంతా మంచంమీద ఏం చేస్తోందని మీకీపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. అత్తయ్యా, నాకు నెల తప్పింది. మీరు వెళ్లాకే తెలిసింది. వెంటనే రక్తం కనిపించింది. కాళ్లకింద దిండ్లు పెట్టుకుని పడుకోమన్నారు. మీకు చెబితే మీ చెల్లెల్ని వదిలేసి పరిగెత్తుకొస్తారు. అదొక్కటే కాదు. ఇదివరకు రెండుసార్లు ఆ కబురు చెప్పి, రెండుసార్లూ మిమ్మల్ని ఏడిపించాను. మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న స్కానింగ్‌లో డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. గబగబా, గట్టిగా. "ఇంకోసారి వినిపిస్తారా అమ్మా?" అన్నారు మీ అబ్బాయి. ఆవిడ మళ్లీ వినిపించారు. ఈయన గోడవైపు తిరిగి నిలబడిపోయారు. ప్రమాదం గట్టెక్కిందట, మెల్లగా తిరగొచ్చట.

మీరేం కంగారుపడకండి. చిన్నత్తయ్య కర్ర వదిలేసి నడిచాకే రండి. ఆయన వంట బాగానే చేస్తున్నారు, నాకే లోటూ లేదు.

లేదు అత్తయ్యా, తొందరగా వచ్చేయండి.

ఇట్లు,
మీరు "పిల్లా" అని పిలిచే
మీ కోడలు