రోత పని ముందు

మార్చి 3, మంగళవారం

రోజువారీ పనులు సర్దుకోవడం ఎలా అని ఆన్‌లైన్ క్లాసు. చిన్న వ్యాపారాల వాళ్లకి ప్రత్యేకమట. చెప్పినవాడు తెల్ల బూట్లు వేసుకుని, పెట్టిన నవ్వు తియ్యకుండా మాట్లాడాడు. ఆ పళ్లు చూస్తుంటేనే ఫోన్ బోర్లా పెట్టెయ్యాలనిపించింది. పొద్దున్నే మీకు అన్నిటికంటే రోతగా అనిపించే పని ముందు చేసెయ్యండి, ఇక రోజంతా హాయే అన్నాడు. ఈ ముక్క చెప్పడానికి రెండు గంటలు.

వినక ఏం చెయ్యను. పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేసే షాపు మాది. పేరుకి నాది, పనికి వదినది. వదినంటే అన్నయ్య భార్య. ఆర్డర్లు, ఫోన్లు, డెలివరీలు నేను చూస్తాను. విప్పడం, కుట్టడం, మేకులు కొట్టడం తనది. సోఫాలు గుమ్మం దాకా పేరుకుపోయాయి. కస్టమర్లు నన్ను తిట్టని రోజు లేదు. నెలాఖరుకి కంటి డాక్టరు క్లినిక్ కుర్చీలన్నీ ఇచ్చేయాలి. ఆ గడువు తప్పితే షాపు మూసి, ఉన్న సోఫాల్లో ఒకదాని మీద పడుకోవడమే.

రేపట్నుంచి రోత పని ముందు.

మార్చి 4

మూలన పడి ఉన్న మూడు సీట్ల సోఫా. పిల్లి వాసన. దాని జోలికి ఇన్నాళ్లూ నేనూ వెళ్లలేదు, వదినా వెళ్లలేదు. ఇవాళ షటర్ తీయగానే నేనే విప్పాను.

మనుషులు సోఫాల్లో ఏం దాస్తారో తెలియకపోవడమే మంచిది. వెంట్రుకల ఉండలు. కత్తిరించిన కాలిగోళ్లు, అవీ ఒకరివి కావు. బూజు పట్టిన బిస్కెట్టు. వాడి పారేసిన చెవిపుల్లలు. అట్టడుగున ఒక కట్టుడు పన్ను. ఈ ఇంటావిడ మా షాపుకొచ్చిన రోజు కుర్చీ తుడుచుకుని మరీ కూర్చుంది.

వదిన ఆ పన్నుని సబ్బుతో కడిగి, కాగితంలో చుట్టి, ఎవరో వెతుక్కుంటూ ఉంటారు పాపం, సోఫాతో పాటు పంపిద్దామంది. నాకు అదీ రోతే.

పదికల్లా అయిపోయింది. మిగతా రోజు నిజంగానే తేలిగ్గా గడిచింది. ఆ తెల్ల బూట్లవాడి మాట నిజం కావడం ఇంకా చిరాగ్గా ఉంది.

మార్చి 5

వెనకాల తూము. దాని గురించి రాయను.

మార్చి 6

రేపుగారికి ఫోన్. స్పాంజి సప్లయ్ చేసే మనిషి. ఎప్పుడడిగినా రేపు అంటాడని వదిన పెట్టిన పేరు. పళ్లు కూడా తోముకోకముందే ఫోన్ చేసి కడిగిపారేశాను. సాయంత్రానికి స్పాంజి దిగింది. రేపుగారు ఇవాళగారు అయిపోయారే అంది వదిన. నవ్వొచ్చింది. నవ్వలేదు. టైమ్ లేదు.

మార్చి 10

గోడకి నల్లబోర్డు తగిలించాను. ఆ రోజు రోత పని నంబర్ వన్‌గా, ఎర్ర చాక్‌తో. సిస్టమ్ అంతా వదినకి వివరించాను, రోజంతా హాయే అన్న మాటతో సహా. పూర్తిగా విని, అయితే రోజూ లేవగానే ఏది అసహ్యమా అని వెతుక్కుంటావన్నమాట అంది. తనకి ఏదీ ఎక్కదు.

మార్చి 12

చిక్కొచ్చిపడింది. రోత పనులు అయిపోయాయి. తూము పారుతోంది. రేపుగారు దారికొచ్చాడు. బాత్రూమ్‌లో కూర్చుని భోజనం చెయ్యొచ్చు. బోర్డు మీద నంబర్ వన్ ఖాళీ. ఖాళీగా వదిలితే సిస్టమ్ పోతుంది.

చాలాసేపు ఆలోచించి, గుడ్డల శాంపిళ్లు సర్దడం అని రాశాను. నిన్నటిదాకా అది నాకు ఇష్టమైన పని. ఒక్కో గుడ్డా తడుముతూ కూర్చునేదాన్ని. ఎర్ర చాక్‌తో రాసేసరికి నిజంగానే రోత పుట్టింది. ఎంతమంది చేతి జిడ్డో వాటి మీద.

మార్చి 13

పదకొండు గంటల టీ. ఆ టైముకి ఏ పనున్నా ఆపేసి ఇద్దరం కలిసి తాగుతాం. వదిన టీ జుర్రుతుందని ఇవాళ కనిపెట్టాను. పదేళ్లుగా జుర్రుతోంది కాబోలు. ఎవరి బల్ల దగ్గర వాళ్లు తాగితే టైమ్ కలిసొస్తుందని చెప్పాను. సరే అంది. అటు తిరిగి కూర్చుని తాగింది. అయినా వినపడింది.

మార్చి 16, మధ్యాహ్నం 3

వదిన మేకులు నోట్లో పెట్టుకుంటుంది. గుప్పెడు చిన్న మేకులు బుగ్గన వేసుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదాల దగ్గరికి తోసి, తీసి కొడుతుంది. తడి మేకులు. ఎంగిలి మేకులు. రేపు ఎవరో పెద్దమనిషి కూర్చోబోయే కుర్చీకి. మేకులు నోట్లో ఉండగానే కూనిరాగం కూడా.

మేకులు వేసుకోవడానికి నడుముకి కట్టుకునే డబ్బా కొనిచ్చాను. కట్టుకుంది. మేకులు మాత్రం నోట్లోనే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఊరికే అన్నారా.

మార్చి 17

కుర్చీలు ఎంతవరకు వచ్చాయో చూడ్డానికి క్లినిక్ కాంపౌండరు వచ్చాడు. సగం కూడా కాలేదు. వదిన అతన్ని కూర్చోబెట్టి మోకాలి నొప్పి గురించి అడిగింది. అతను మోకాలితో మొదలుపెట్టి అత్తగారి దాకా వెళ్లాడు. నేను గడియారం చూస్తూ పళ్లు నూరుకున్నాను. వెళ్లేటప్పుడు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా పర్లేదు అన్నాడు. వదినతో అన్నాడు, నాతో కాదు.

రేపటి నంబర్ వన్ ఏమిటో నాకు తెలుసు. బోర్డు మీద రాయలేదు.

మార్చి 18

చెప్పేశాను. చెప్పులు కూడా విడవకుండా. వదిన అప్పటికే వచ్చి కుర్చీ ముందు కూర్చుని ఉంది. కొన్నాళ్లు ఇంటి దగ్గరుండు వదినా, పనికి మనిషిని పెట్టుకుంటాను, నీ వాటా నీకు వస్తుంది అన్నాను. ఎందుకని అడిగింది. మేకులన్నాను. టీ అన్నాను. కబుర్లన్నాను. నా మాటలు నాకే చండాలంగా వినపడ్డాయి. ఆపలేదు.

వదిన బుగ్గలోంచి మేకులు ఒక్కొక్కటే తీసి, రుమాలుకి తుడిచి, నేను కొనిచ్చిన డబ్బాలో వేసింది. ఇవాళ్టికి మొదటి పని ఇదేనా అని అడిగింది. అవునన్నాను. అయితే ఇక నీకు రోజంతా హాయే అంది. డబ్బా బల్ల మీద పెట్టి, తన సుత్తి తీసుకుని వెళ్లిపోయింది.

మార్చి 19

హాయిగా లేదు.

మార్చి 21

అన్నయ్య వచ్చాడు. మీ ఇద్దరి మధ్యా నన్ను అడకత్తెరలో పోకచెక్కని చెయ్యకండి అన్నాడు. వదిన ఏం చేస్తోందని అడిగాను. ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ విప్పేసిందట. మూడు రోజులుగా నిలబడే తింటున్నాడట. షాపులో కుర్చీ కనిపించగానే కూలబడి చాలాసేపు లేవలేదు.

మార్చి 24

కొత్తగా పెట్టుకున్న మనిషి ఒకటిన్నర రోజు పనిచేసి రావడం మానేశాడు. వాడు చేసిన ఒక్క కుర్చీ చూస్తే ఎవరో కసితో చేసినట్టుంది.

సాయంత్రం పిల్లి సోఫా ఇంటావిడ వచ్చింది. ఆ పన్ను వాళ్ల మామగారిదట. అది దొరికాక పెద్దాయన మళ్లీ నలుగురిలో నవ్వుతున్నాడట. వదిన చెయ్యి పట్టుకుని చెప్పాలని వచ్చిందట. ఊళ్లో లేదని అబద్ధమాడాను. నేను చెబుతానులెండి అన్నాను. పరవాలేదు, మళ్లీ వస్తాను అంది. నా చెయ్యి పట్టుకోలేదు.

మార్చి 26

క్లినిక్ కుర్చీలు నేనే మొదలుపెట్టాను. ఎడమ చేత్తో రెక్సిన్ బిగలాగి పట్టుకోవాలి. కుడి చేత సుత్తి. మరి మేకు? నడుముకున్న డబ్బా కోసం వంగి తడుముకుంటే ఎడమ చెయ్యి వదులవుతుంది. వదులైతే ముడత. విప్పడం, లాగడం, వంగడం, ముడత. మధ్యాహ్నానికి ఒక్క కుర్చీ కూడా కాలేదు. బొటనవేలు నల్లగా వాచింది.

చివరికి వీధిలో ఎవరూ చూడటం లేదని తేల్చుకుని మేకులు నోట్లో వేసుకున్నాను. ఇనుము రుచి, కాస్త నూనె. పెదాల దగ్గరున్న మేకుని సుత్తి పట్టిన చేతి వేళ్లతోనే అందుకోవడం, గుచ్చడం, కొట్టడం. గుడ్డ వదలక్కర్లేదు. ఆ కుర్చీ ముడత లేకుండా వచ్చింది.

అది వదినకి మూడో చెయ్యి. పదేళ్లు ఎదురుగా కూర్చుని చూసి దాన్ని రోత అన్నాను. నన్ను చూస్తే నాకు అసహ్యంగా ఉంది. ఆ పిల్లి సోఫా ఎంత విప్పినా ఇంత చెత్త దొరకలేదు.

మార్చి 27

బోర్డు మీద నంబర్ వన్: వదిన దగ్గరికి వెళ్లి తప్పైపోయిందనడం. ఇంతకంటే కష్టమైన పని ఈ బోర్డు ఎక్కలేదు.

సాయంత్రం 6. మిగతా పనులన్నీ చేశాను. బాత్రూమ్ రెండుసార్లు కడిగాను.

మార్చి 28

నంబర్ వన్ అదే. తూము బాగానే ఉంది. అయినా శుభ్రం చేశాను.

మార్చి 29

పొద్దున్నే కుర్చీ ముందు కూర్చున్నాను. రెండు మేకులు కొట్టానో లేదో, సుత్తి అక్కడే పడేసి లేచాను. షటర్ కూడా దించలేదు. అన్నయ్య ఇల్లు వెనక వీధే.

వదినే తలుపు తీసింది. మాట్లాడబోయాను. నా బుగ్గ నిండా మేకులు.

వదిన నా నోటి కింద అరచెయ్యి చాపింది.