అంగుళం వదులు

గోదావరిఖని,
ఆదివారం

అన్న లింగయ్యకు తమ్ముడు రాజేశం దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. నువ్వు, వదిన, అవ్వ, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేనిక్కడ బాగానే ఉన్నాను. నా గురించి ఫికరు పెట్టుకోవద్దు.

ఎండలు ఇంకా దిగలేదు. పైన ఎండ, బొగ్గుబాయిలోకి దిగితే కాళ్ల కింద నీళ్లు. ఈ నెల నాకు పొద్దటి షిఫ్టు. తిండికి లోటు లేదు గానీ వదిన చేసే జొన్న గటక మీదికే మనసు పోతోంది. గదిలో నలుగురం ఉన్నా, నీతో మాట్లాడినట్టు ఉండదు.

ఇక నీ బూట్ల సంగతి. నిరుడు వానల్లో పందుల వేటకు పోయి, వెదురు మోడు అరికాల్లో దిగి నువ్వు రెండు నెలలు మంచం పట్టినప్పుడు నేను దగ్గర లేను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ వానాకాలం నిన్ను ఒట్టి కాళ్లతో అడవికి పోనివ్వను. నువ్వు కాలు కొలిచి ముడేసి పంపిన దారం జేబులో పెట్టుకుని మంచిర్యాల బజారంతా తిరిగాను. తోలు బూట్లు ఒక్కోటి ఇటుకంత బరువు. వాటితో నువ్వు పంది వెంట ఉరికినట్టే! కాన్వాసువి తేలికే, కానీ ఒక్క వాగు దాటితే రోజంతా తడి. చివరికి పిక్క సగం దాకా వచ్చే పలుచటి రబ్బరు బూట్లు, అడుగు మాత్రం మందంగా ఉన్నవి దొరికాయి. "తీస్కపో భాయ్, చుక్క నీళ్లు రావు" అన్నాడు దుకాణం చాచా. ఉత్త మాటకు నమ్ముతానా? గదిలో వాటి నిండా నీళ్లు పోసి, మేకుకు వేలాడదీసి డ్యూటీకి పోయాను. వచ్చి చూస్తే కింద నేల పొడిగానే ఉంది.

నాతో పని చేసే కొమురయ్య దారం పెట్టి చూశాడు.

"గివి నీకా, మీ అన్నకా?"

"అన్నకే."

"మరి అంగుళం వదులుగ ఎందుకు తెచ్చినవ్‌ర? మీ అన్న బాయిల దిగుతడా? బురదల కాలొక్కటే పైకొస్తది, బూటు అండ్లనే ఉంటది. మళ్ల ఒట్టి కాలే గద!"

బాయిలో అందరం అంగుళం వదులుగానే తొడుగుతాం. ఆ అలవాటుతో నీకూ అలాగే తెచ్చాను. నా తెలివికి నాకే సిగ్గేసింది. మర్నాడే పోయి దారానికి సరిపోయే జోడు మార్చుకొచ్చాను. పాతవాటిలో నీళ్లు పోసిన సంగతి చాచాకు చెప్పలేదులే. కొత్తవాటికీ ఆ పరీక్ష అయింది.

మన సాయిలు కాక సెలవు మీద ఊరికి వస్తున్నాడు, ఆయనతో బూట్లు పంపుతున్నాను. తిరిగి వచ్చేటప్పుడు కాస్త మామిడి తొక్కు ఇచ్చి పంపండి. పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు.

ఇక్కడి నుంచి అవ్వకు చదివి వినిపించకు. మాకు వదులు బూట్లు ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు. పైనుంచి బొగ్గు కూలి కాలు ఇరుక్కుంటే, బూటు వదిలేసి కాలు లాక్కోవచ్చని. పోయిన వారం నా ఎడమ కాలు అలాగే బయటికొచ్చింది. కొమురయ్య "గుంజు, గుంజు!" అని అరుస్తూ చంకల కింద పట్టి లాగాడు. గోరు కూడా ఊడలేదు, నీ మీద ఒట్టు. బూటు మాత్రం ఆ బండ కిందే ఉండిపోయింది. మర్నాడు మళ్లీ డ్యూటీకి పోయాను. కానీ భయపడ్డాను అన్నా, చాలా భయపడ్డాను. నీకు కాక ఎవరికి చెప్పుకోను?

నువ్వు కొత్త బూట్లు తొడిగిన రోజు, మన ఇద్దరి కాళ్లకూ దీవెన ఇవ్వమని అవ్వతో చెప్పు. నా కాళ్లకు ఎందుకని అడిగితే, ఊరికే అను.

నీ తమ్ముడు
రాజేశం