నావి నా దగ్గరే

మే 3, 2003
మా ఆదివాసుల రిజర్వుకు వెళ్ళొచ్చాను. ఎర్మీనియా పెద్దమ్మకి దగ్గు. అయినా పొయ్యి పక్కన కూర్చుని గ్వానకోల వేట గురించి మా తెవెల్చె భాషలో చెప్పింది. మధ్యలో మా వంశం పాట అందుకుంది. అమ్మ నాకు నేర్పకుండానే పోయిన పాట. మా వాళ్ళందరిలో ఆ భాష పూర్తిగా ఇక ఈమెకే వచ్చు.

రికార్డింగ్ అయిపోయింది. వచ్చే మార్చిలో స్కూల్లో భాష క్లాసు మొదలుపెడతాం. దానికి ఆధారం ఈ క్యాసెట్లే. యూనివర్సిటీ వాళ్ళు కాపీలు అడిగితే దొంగల్లారా అని తిట్టి పంపించాను. ఊరికి తీసుకెళ్ళి నేనే కాపీలు తీయిద్దామనుకుంటే పెద్దమ్మ ఆపింది. ఈ జూన్, జూలై చలికాలమంతా విని తప్పులు చెబుతుందట.

"ఇక్కడే పెట్టు. నావి నా దగ్గరుంటేనే మంచిది" అంది, మాతే టీ బుర్ర నా చేతికిస్తూ.

పెట్టేశాను. మన మనిషే కదా.

మే 17
పేపర్లో నా కాలమ్ అచ్చయింది. మా భాష చనిపోలేదు, చంపారు అని రాశాను. మాట్లాడిన పిల్లల్ని మోకాళ్ళ మీద నిలబెట్టి స్కూలు చంపింది. మమ్మల్ని తలో దిక్కుకీ కూలికి తోలి గొర్రెల ఎస్టేటు చంపింది. ఎడిటర్ "చంపారు" కొట్టేసి "అంతరించింది" అని వేశాడు. తనంతట తనే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు!

జూలై 19
పెద్దమ్మ పోయింది. మంచుకి రోడ్డు మూసేశారు.

జూలై 22, సాయంత్రం
వెళ్ళేసరికి పెరట్లో మంచు కరిగి నల్లటి మచ్చ. పరుపు, గ్వానకో తోలు దుప్పటి, మాతే బుర్ర, అన్నీ బూడిద. పోయినవాళ్ళవి మిగలకూడదు, వాళ్ళ పేరు పలకకూడదు. మా తాతల నాటి పద్ధతి. పెద్దమ్మ కొడుకు సెలెస్తీనో దగ్గరుండి కాల్చాడు. టీవీ మాత్రం ఉంది. అది తనదట.

క్యాసెట్లేవిరా అన్నాను. నేలకేసి చూశాడు. బూడిదలో ఎండిన బంకలా నల్లటి ప్లాస్టిక్.

"అమ్మే చెప్పింది. ఆ గొంతు ఇక్కడే తిరుగుతుంటే మనిషి ఎట్లా పోతుందక్కా?"

పోయేది ఆమె ఒక్కతే కాదురా అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, నువ్వొచ్చింది అమ్మ కోసమా, క్యాసెట్ల కోసమా అన్నాడు.

జూలై 25
తగలబెట్టించాలని మే నెలలోనే అనుకుందన్నమాట. నా కళ్ళలోకి చూస్తూ, నాకు మాతే ఇస్తూ అనుకుంది. తప్పులు చెబుతానంది!

ఈ పద్ధతిని పాదిరీలు అనాగరికమంటే వెనకేసుకొచ్చి వ్యాసాలు రాసింది నేనే. మా చావులు మా ఇష్టం అన్నది నేనే. సరే, ఆమె చావు ఆమె ఇష్టం. పాట ఆమె ఒక్కతిదా? మా అమ్మది కాదా? పుట్టబోయేవాళ్ళది కాదా? స్కూలుని తిట్టాను, ఎస్టేటుని తిట్టాను. వచ్చే వారం ఏం రాయను? ఆఖరి అగ్గిపుల్ల గీసింది మేమే అనా?

ఎర్మీనియా. ఎర్మీనియా. ఎర్మీనియా.

రాశాను. ఏం చేస్తావో చెయ్యి.

మార్చి 8, 2004
క్లాసు మొదలైంది. నాకు గుర్తున్న నాలుగు ముక్కలతోనే. గదికి మీ పెద్దమ్మ పేరు పెడదాం, ఏమిటా పేరు అని టీచరమ్మ అడిగింది. గుమ్మంలో సెలెస్తీనో నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాను.

గది తలుపు మీది బోర్డు ఇంకా ఖాళీగానే ఉంది.