సారు పెట్టిన తీగ

బ్యాటరీ మిస్త్రీ గారికి,

నమస్కారం. ఫోన్ చేస్తే మీ కొట్టు చప్పుడుకి ఒక్క ముక్కా వినపడలేదు, అందుకని రాస్తున్నాను. నేను తోట ఇంటి టీచరమ్మని. గడ్డి కోసే మా చిన్న కరెంటు ట్రాక్టరుకి రెండేళ్ల కిందట మీరే ఆరు కొత్త బ్యాటరీలు వేసి వెళ్లారు. మా ఆయన కిందటేడు పోయారు. ట్రాక్టరు మాత్రం నిక్షేపంలా తిరుగుతోంది.

కంచె మొక్కలు నా తల దాటాయి. వాటిని కత్తిరించే కరెంటు మిషను ఉంది కానీ, ఇంట్లో ప్లగ్గు నుంచి లాగితే సగం తోటకే అందుతుంది. ట్రాక్టరు నిండా కరెంటు పెట్టుకుని నేను ప్లగ్గు కోసం దేవులాడటం ఏమిటి? ఆ బ్యాటరీలతోనే మిషను నడవదా?

ఇట్లు,
తోట ఇంటి టీచరమ్మ

తా.క. ట్రాక్టరుని మా ఆయన "బంగారం" అని పిలిచేవారు. నన్ను "ఏమేవ్" అనేవారు.

* * *

అమ్మగారికి నమస్కారాలు.

తమ ఉత్తరం అందింది. కాలికి కట్టు కట్టారు, నెల దాకా కొట్టు గడప దాటలేను. లేకపోతే నేనే వచ్చేవాణ్ణి.

మిషను హాయిగా నడుస్తుంది. ఒక్కో బ్యాటరీ ఆరు వోల్టులు, ఆరూ కలిస్తే ముప్ఫయ్యారు. ముప్ఫయ్యారు వోల్టుల ఇన్వర్టరు కొనండి. అది ఇంటి కరెంటులా మార్చి ఇస్తుంది. కానీ కరెంటు ఆరింటి నుంచీ తీసుకోవాలి. రెండింటి నుంచే లాగితే ఆ రెండూ ముందు చస్తాయి, మిగతా నాలుగూ వాటితో పాటు కూలబడతాయి.

అన్నిటికంటే ముందు ఒక పని. షెడ్డు గోడ మీద సారు పెట్టిన సన్న తీగ ఉంది చూడండి, దాన్ని మొదలుకంటా తీసేయండి. అది ఉన్నన్నాళ్లూ ప్రమాదమే. అప్పుడే సారుకి చెప్పాను, నవ్వి ఊరుకున్నారు.

ఇట్లు,
మిస్త్రీ

తా.క. బ్యాటరీకీ ఇన్వర్టరుకీ తెలుగు మాటలు రెండు రోజులు వెతికాను. దొరకలేదు. మన్నించాలి.

* * *

మిస్త్రీ గారికి,

ఇన్వర్టరు వచ్చింది. మీరు చెప్పినట్టే తీగ తీసేశాను. మూడు రోజులు మనసొప్పలేదు. దానివల్ల ప్రమాదం ఏమిటో నాకు తట్టలేదు, కానీ కరెంటు సంగతులు నాకేం తెలుసు? మొదలుకంటా అన్నారని గునపంతో తవ్వి మరీ తీశాను.

పదకొండేళ్లుగా ఆ గోడని పట్టుకుని ఉంది. ఆయన పోయాక రోజూ సాయంత్రం దాని కిందే కూర్చునేదాన్ని. ఇవాళ కుర్చీ వేసుకుని, ఎటు తిప్పుకోవాలో తెలియక, మళ్లీ లోపలికి తెచ్చేశాను.

ఇట్లు,
టీచరమ్మ

తా.క. ట్రాక్టరు దానికి ఎదురుగానే ఉంటుంది. ఈ హత్య అంతా చూసింది.

* * *

అమ్మగారికి నమస్కారాలు.

తీగ తీసేసినందుకు నా గుండె బరువు దిగింది. సారు గుర్తు అని బాధపడకండి. అలాంటివి మా కొట్లో చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి. ఏ రంగు కావాలంటే ఆ రంగు పంపిస్తాను.

తీసింది పారేయకండి. పైన తొడుగు కాల్చేసి, లోపలిది పాత సామాన్లవాడికి తూకానికి వేసేయండి.

ఇట్లు,
మిస్త్రీ

తా.క. గునపం దేనికో అర్థం కాలేదు. గోడ పగిలి ఉంటే సిమెంటు పూయించండి.

* * *

మిస్త్రీ గారికి,

కాల్చాలా? తూకానికి వేయాలా? మీకు ఇంట్లో మనుషులున్నారా?

ఈ కోపంలోనే నిన్న మిషను నడిపి చూశాను. తోటలోకి తీసుకెళ్లే ముందు షెడ్డులోనే పరీక్ష పెట్టాను. ఇన్వర్టరుతో వచ్చిన వైర్లు జానెడు పొట్టివయ్యాయి. షెడ్డులో బల్బు కోసం బ్యాటరీల నుంచి మా ఆయన ఎప్పుడో లాగిన సన్న వైరు గోడ మీద సిద్ధంగా ఉంది. దానికి ముడేశాను. మిషను "గుర్ర్" మంది. నాలుగు నిమిషాలకి ఆ వైరు నల్లగా పొగలు కక్కి, కరిగి, గోడ మీంచి జారింది. ట్రాక్టరు మెయిన్ స్విచ్చి కట్టేసి బయటికొచ్చి పడ్డాను. ఒంటికేమీ కాలేదు.

గడ్డిలో కూర్చున్నాక అర్థమైంది, మీరు తీసేయమన్న తీగ ఏదో. నేను తీసింది నీలిపూల తీగ, మిస్త్రీ గారూ. ఆయన చేత్తో పెట్టినవాటిలో ఆయన పోయాక కూడా పెరుగుతున్నది అదొక్కటే. వేరుతో సహా తీశాను. ఇక చిగురు కూడా రాదు.

లోకమంతా వైరు అంటుంటే, మీరు తీగ అని ఎందుకు రాశారు?

ఇట్లు,
టీచరమ్మ

తా.క. ముప్ఫయ్యేళ్లు తెలుగు చెప్పినదాన్ని. ఎవరికీ చెప్పకండి.

* * *

టీచర్ గారికి,

మీకేమీ కానందుకు ముందు చేతులెత్తి దండం పెట్టాను. ఆ తర్వాత భోజనం సహించలేదు.

ఎందుకు రాశానో చెప్తాను. అయిదో తరగతిలో "మా ఇల్లు" అని వ్యాసం రాయమన్నారు మీరు. మా నాన్న కరెంటు పనివాడు, ఇంటి నిండా వైర్లే. అదే రాశాను. మీరు ఎర్ర సిరాతో పద్నాలుగు చోట్ల "వైరు" కొట్టేసి "తీగ" అని దిద్దారు. తరగతికంతా చదివి వినిపించారు. అందరూ నవ్వారు. అందుకని బడి మానేశాననుకునేరు, కాదు. మా నాన్న కరెంటు స్తంభం మీంచి పడ్డాక మానేశాను.

నలభయ్యేళ్లుగా వైర్లతోనే బతుకు. తీగ అని ఎవరితోనూ అనలేదు. మీకు రాసేటప్పుడే, "వైరు" అని రాసి, కొట్టేసి, కొత్త కాగితం తీసుకుని "తీగ" అని రాశాను. తప్పు లేకుండా రాశానని సంబరపడ్డాను కూడా.

బ్యాటరీలు వేయడానికి వచ్చినప్పుడు మీరు నాకు మంచినీళ్లిచ్చి "మిస్త్రీ గారూ" అన్నారు. నేను ఫలానా అని అప్పుడే చెప్పాల్సింది. మీరే గుర్తుపడతారని చూస్తూ నిలబడ్డాను. చెప్పి ఉంటే మీరు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి, ఉత్తరంలో వైరు అని రాసేవాణ్ణి. సారు పెట్టిన తీగ బతికేది.

కట్టు విప్పగానే వచ్చి అన్నీ సరిగ్గా కలుపుతాను. అప్పటిదాకా ట్రాక్టరు ముట్టుకోకండి.

ఇట్లు,
మీ విద్యార్థి

తా.క. బడిలో అందరూ నన్ను "బక్కోడా" అనేవాళ్లు. పేరు పెట్టి పిలిచింది మీరొక్కరే. ఆ పేరు గుర్తొచ్చేదాకా "మిస్త్రీ" అనే పిలవండి, పర్లేదు.